తువ్వాలు కింది మాట

జూన్ 9

అత్తకి,

నేను క్షేమం. నువ్వూ, కొట్టంలో పశువులూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" తప్ప ఇంకో అక్షరం ఖర్చుపెట్టవు. "ఊ" అని రాసి పోస్టు చెయ్యడానికైతే నీకే సిగ్గేస్తుంది కదా అని ఉత్తరం మొదలుపెట్టాను.

ఇక్కడ చదువు సగం దాటింది. వినపడనివాళ్ళకీ వినపడేవాళ్ళకీ మధ్య నిలబడి, వీళ్ళ మాటని సైగల్లోకి, వాళ్ళ సైగని మాటల్లోకి మార్చడమే మా పని. చేతుల వరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. క్లాసులో అందరికంటే ముందు నాకే వచ్చింది. వేళ్ళు ఇంత చురుగ్గా ఎలా వచ్చాయని అడిగితే మా అత్త పశువుల సంతలో దళారి అని చెప్పాను. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ ఒకే తువ్వాలు కింద కలుస్తాయనీ, ఏ వేలు ఎన్నిసార్లు నొక్కితే ఎంత ధరో వాళ్ళిద్దరికీ తప్ప చుట్టూ నిలబడ్డ జనానికి తెలియదనీ, నేను చిన్నప్పుడే నీ వేళ్ళు పట్టుకుని అది నేర్చుకున్నాననీ చెబితే ఎవరూ నమ్మలేదు. ఒకమ్మాయి తన చున్నీ వేసి నాతో బేరం చెయ్యబోయి ఓడిపోయింది.

అంతవరకు బాగానే ఉంది. నిన్న మా మేడమ్ అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. ఆవిడకి పుట్టుకతో వినపడదు. ఏ విషయమైనా మొహమాటం లేకుండా రాస్తారు. నా కాగితం మీద "చేతులు చాలా బాగున్నాయి. మనిషి ఎక్స్‌ప్రెసివ్ కాదు" అని ఉంది. అక్టోబరులో ఆఖరి పరీక్ష. అప్పటికి ఇది సరిచేసుకోకపోతే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే ఏ ఆసుపత్రీ, ఏ కోర్టూ గుమ్మం ఎక్కనివ్వదు. ఈ పరీక్షకి రెండో అవకాశం ఇవ్వరట.

ఆవిడ ఊరికే రాయలేదు. పోయినవారం ఆసుపత్రిలో వినపడని ఒక తల్లి చంటిదాన్ని తీసుకొచ్చింది. "పాలు తాగుతోందా?" అని డాక్టరు అడిగారు. నేను పాలు, తాగడం, రెండు సైగలూ శుభ్రంగా చేశాను. ఆమె తల ఊపింది. తాగుతోందట అని చెప్పాను, డాక్టరు రాసుకున్నారు. పక్కనే ఉన్న మేడమ్ నన్ను తోసి ముందుకొచ్చి అదే సైగ కనుబొమ్మలు ఎత్తి చేశారు. తల్లి వెంటనే కాదన్నట్టు చెయ్యి తిప్పింది. బిడ్డ ముందురోజు నుంచి పాలు ముట్టలేదట. సైగల్లో ప్రశ్న వేళ్ళల్లో ఉండదత్తా, ముఖంలో ఉంటుంది. నా ముఖం కదలలేదు కాబట్టి, బిడ్డ పాలు తాగుతుంది అని నేనే ఆమెకి చెప్పినట్టయింది. డాక్టరమ్మ మనిషి చెబుతోంది కదా అని ఆమె మర్యాదకి తల ఊపింది.

బిడ్డ కోలుకుంది. నాకు మాత్రం ఆ సంగతి మనసులోంచి పోవడం లేదు.

ఆ బిడ్డకి చప్పరించే ఓపిక లేక నర్సు తల్లిచేత పాలు గిన్నెలోకి పిండించింది. దాన్ని ఇక్కడ "ఎక్స్‌ప్రెస్ చెయ్యడం" అంటారు. ఇదేమిటి, నా కాగితం మీది మాటే కదా అని లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తీశాను. నిజంగా ఒకటే. పాత లాటిన్ భాషలో 'బయటికి నొక్కడం' అని అర్థమట. పండు నొక్కి రసం తీసినట్టు, లోపల ఉన్నదాన్ని బయటికి రప్పించే మనిషి ఎక్స్‌ప్రెసివ్. కళ్ళని అనొచ్చు, గొంతుని అనొచ్చు, చేతుల్ని కూడా అనొచ్చు. నన్ను అనకూడదు.

క్లాసులో నన్ను 'గోడ' అంటున్నారు. నా ముఖాన్ని ఇలా మూయడం నేర్పింది నువ్వే. ఎలా నేర్పావో చెబితే అటునుంచి విప్పుకుంటూ వస్తాను.

నీ మేనకోడలు


జూన్ 21

పిల్లకి,

ఉత్తరం అందింది. పశువులు బాగున్నాయి. నల్లావు ఈనింది, కోడెదూడ. వానలు ఇంకా పట్టలేదు. కొట్టం మీద రెండు రేకులు మార్పించాను.

సంతలో నీ గురించి అడుగుతున్నారు. టీ కొట్టు వసపిట్ట దగ్గర ఒక్క మాట చెప్పాను. అది సాయంత్రానికి నిన్ను డాక్టరుని చేసేసింది.

నీకు నేను ప్రత్యేకంగా ఏదీ నేర్పలేదు. మీ మామయ్య పోయాక ఆ తువ్వాలు నేను భుజాన వేసుకుని సంతకి వెళితే, ఆడదాని చెయ్యి పట్టుకుని బేరమేమిటని ఏడాది పాటు నవ్వారు. నవ్వేవాళ్ళ ముందు ముఖం ఎలా పెట్టుకోవాలో అలా పెట్టుకున్నాను. నువ్వు పక్కన నిలబడి చూశావు, అంతే. ఎద్దు నచ్చిందని తెలిస్తే ధర పెంచుతారు. నచ్చలేదని తెలిస్తే పక్కవాడికి చూపిస్తారు. ఏదీ తెలియకపోతేనే మనతో మాట్లాడతారు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ముఖానికి పెదవి కూడా అడ్డం లేదు.

ఆ ఇంగ్లీషు మాట సంగతి. పిండితే వస్తుందనుకునేవాళ్ళు పాడి చెయ్యనివాళ్ళు. ఆవు చేపాలి. దూడ మూతితో నాలుగుసార్లు పొడిస్తే, దానికి బుద్ధి పుడితే చేపుతుంది. అప్పుడు పాలు పొదుగులోకి దిగుతాయి. చేపకుండా నువ్వెంత పిండినా చన్ను పగులుతుంది, గిన్నె నిండదు. డిక్షనరీ రాసినాయన మేకని కూడా పితికినట్టు లేదు.

బిడ్డ విషయంలో మీ మేడమ్ తొయ్యడం మంచిదే అయింది. ఇంకోసారి అడిగేటప్పుడు అడుగుతున్నట్టు ఉండు.

వేళకి తిను.

అత్త


జులై 5

అత్తకి,

నీ ఉత్తరంలో చేపడం సంగతి మేడమ్‌కి సైగల్లో చెప్పాను. ఆవిడకి ఆవుల సంగతి తెలియదు. దూడ మూతితో పొడవడం నేను రెండుసార్లు చేసి చూపిస్తే నవ్వి, మళ్ళీ చెయ్యమన్నారు. తరవాత కాగితం మీద "దూడ బాగుంది. ఆవు ముఖం ఏది?" అని రాశారు. దూడని చేతులతో చేశాను, ఆవు ముఖం పెట్టడం మరిచిపోయాను.

ఆ మాట గురించి ఇంకొంత చదివాను. నువ్వు ఎక్కే ఎక్స్‌ప్రెస్ బస్సుది కూడా అదే మాట. మొదట్లో త్వరగా వెళ్ళేదని కాదట, ఫలానా చోటికని ముందే స్పష్టంగా చెప్పి నడిపేదని. దారిలో ఆగకుండా పోయేది కాబట్టి తరవాత తరవాత వేగానికి పేరైంది. ఇంకో వాడుక చూసి నువ్వే గుర్తొచ్చావు. మౌనాన్ని కూడా ఎక్స్‌ప్రెసివ్ అనొచ్చట. ఒక్క మాట లేకుండానే అంతా తెలియజేసే మౌనం. అదే నిజమైతే మా అత్తకి ముందు సర్టిఫికెట్ ఇవ్వాలని లైబ్రరీలో నాలో నేనే నవ్వుకున్నాను.

రోజూ అద్దం ముందు కూర్చోబెడుతున్నారు. కనుబొమ్మలు పైకి, కిందికి, బుగ్గలు పూరించు, పెదవి బిగించు. నేను చేస్తే సున్నం వేసిన గోడ పెచ్చు లేచినట్టుందని నా పక్కనమ్మాయి అంది. మొన్న మేడమ్ ఒక పని ఇచ్చారు. మిమ్మల్ని ఎవరైనా సాగనంపిన రోజు తలుచుకోండి, ఆ మనిషి ముఖం మీ ముఖంతో చూపించండి అన్నారు. ఒకడు వాళ్ళ నాన్నని చూపించాడు. ఒకమ్మాయి చెల్లెల్ని చూపించి తనే ఏడ్చేసింది. నేను నిన్ను చూపించాను. బస్సు పక్కన నిలబడి, తువ్వాలు సర్దుకుని, డ్రైవరు వైపు చూస్తున్న నిన్ను.

అందరూ మొదలుపెట్టమని ఎదురుచూశారు. నేను అప్పటికే చేసేశాను.

అత్తా, ఒకటి అడుగుతాను. ఆ రోజు నువ్వు దాచుకున్నావా, లేక దాచుకోవడానికి ఏమీ లేదా? అమ్మా నాన్నా పోయాక పదేళ్ళు నీ దగ్గరే పెరిగాను. ఇది నాకు తెలిసి ఉండాల్సింది. తెలియదు. పరీక్ష కోసమే అడుగుతున్నాననుకో.

నీ మేనకోడలు


జులై 22

పిల్లకి,

అది అడిగే మాట కాదు. బస్సు వేళకి వచ్చింది. ఎక్కావు.

దూడ బాగుంది.

అత్త


ఆగస్టు 3

అత్తకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదవడానికి అందులో ఏముందని! నీకెంత కోపం వచ్చిందో అక్షరాలే చెబుతున్నాయి. గీతలు వంకర పోయాయి, ఒకచోట కలం కాగితాన్ని చింపింది. నీ దస్తూరి అచ్చుగుద్దినట్టుంటుందని సంత గుమస్తా కూడా అనేవాడు. నా మీద విసుగుతో అలా గీకి పడేశావంటే, అడగకూడనిదే అడిగాను కాబోలు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే అత్త పెట్టదని ఇప్పుడు తెలిసింది.

సెప్టెంబరులో వారం సెలవులున్నాయి. రావడం లేదు. ఇక్కడే ఉండి అద్దం ముందు కూర్చుంటాను. మొన్న ఆసుపత్రిలో ఒక పెద్దాయన నా సైగలన్నీ చూసి, చివర్లో, నీకు నా మీద కోపమా అమ్మాయీ అని చేతులతో అడిగాడు. ఆయన అడిగిన తీరు నిన్ను నేను అడిగినట్టే ఉంది. లేదండీ, నా ముఖమే అంత అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

పరీక్ష రెండు నెలల్లోకి వచ్చింది. ఆవు ముఖం ఇంకా రాలేదు.

నీ మేనకోడలు


సెప్టెంబరు 1

అమ్మాయికి,

మీ అత్త చెబుతుంటే టీ కొట్టు పిన్ని రాయునది. (దస్తూరి చూసి కంగారుపడకు, నేనే, వసపిట్టని. అక్క ఎదురుగా బెంచీ మీద కూర్చుని చెబుతోంది. ఆమెకి కళ్ళజోడు లేకుండా కనపడదు కాబట్టి నేను మధ్యమధ్య ఇలా గీత గీసి నా మాటలు కూడా రాసుకుంటాను.)

ఉత్తరం అందింది. పశువులు బాగున్నాయి. వానలు పడ్డాయి. మేతకి ఇబ్బంది లేదు. (ఇంతవరకు కిటికీలోంచి రోడ్డు చూస్తూ చెప్పింది.)

నీ మీద నాకు కోపం లేదు. (ఇది చెప్పడానికి టీ గ్లాసు అటు మూడుసార్లు ఇటు మూడుసార్లు జరిపింది.) దస్తూరి బాగాలేకపోతే బాగాలేదు. అందులో చదవడానికేమీ లేదు. సెలవులకి రాకపోతే పరవాలేదు. చదువుకో.

ఇంక ఏమీ లేదు. ఉంటాను. (అని లేవబోయింది. ఇంతోటి దానికి నన్నెందుకు రాయమన్నావక్కా, నీకు చెయ్యి లేదా అన్నాను. మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. అమ్మాయీ, అసలు సంగతి నేను చెబుతాను, నువ్వు నా పేరు బయటపెట్టకు. మీ అత్తకి కుడిచేతి వేళ్ళలో స్పర్శ పోతోంది. వేసవి నుంచే ఉందట. మణికట్టు దగ్గర నరం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. కలం పట్టుకుంటే జారిపోతుంది. పోయిన నెల సంతలో ఒక జత ఎద్దులకి బేరం చేస్తుంటే, తువ్వాలు కింద అవతలివాడు ఏ వేలు నొక్కాడో ఈమెకి తెలియలేదు. తెలిసినట్టే తల ఊపింది. ఊపాక మాట తప్పదు కదా, చాలా ఎక్కువ ధరకి ఖాయమైపోయింది. ఆ ఎద్దుల్ని కొన్న రైతు ఈమె ఇంటిముందుకొచ్చి నానా మాటలూ అన్నాడు. ఈమె ముఖం నీకు తెలుసు కదా. గోడకి చెప్పినా కాస్త సున్నం రాలుతుంది.

అప్పటినుంచి తోటి దళారులు, మీ పిల్లని పిలిపించుకో, దాని వేళ్ళు బంగారం, నువ్వు పక్కన నిలబడితే చాలు అంటున్నారు. పిలిపించుకుంటే నిజంగానే కొట్టం నిలబడుతుంది. ఈమె మాత్రం "ఊ" అంటుంది. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు నోటితో చెప్పనని. రాయనని కాదు.)

ఇట్లు,
అత్త
(ఆమె చెప్పగా వసపిట్ట. అమ్మాయీ, త్వరగా ఏదో ఒకటి ఆలోచించు.)


సెప్టెంబరు 9

అత్తకి,

పిన్ని పేరు బయటపెట్టను కానీ నాకు అంతా తెలిసింది. నువ్వు ఎవర్నీ ఏమీ అనకు.

నీ ఉత్తరంలో గీతలు వంకర పోతే కోపమనుకున్నాను. చెయ్యి బాగాలేదని నా బుర్రకి తట్టలేదు. మనుషుల చేతులు చూసి మనసు చెప్పడం నేర్చుకుంటున్నదాన్ని.

ఆలోచించాను. పరీక్ష మానేసి వచ్చేస్తాను. ఎలాగూ ఈ ముఖంతో గట్టెక్కుతానని నమ్మకం లేదు. అక్కడ ముఖం ఇలాగే ఉండాలి, వేళ్ళు ఇలాగే ఉండాలి. నీ పక్కన నిలబడి నేను బేరం చేస్తాను. పశువు మంచిచెడ్డలు నువ్వు చూడు. తువ్వాలు నాకివ్వు.

సరేనంటే మేడమ్‌కి చెప్పి వచ్చేస్తాను. ఏ సంగతీ నువ్వే రాయి. చిన్నదైనా సరే.

నీ మేనకోడలు


సెప్టెంబరు 16

పిల్లకి,

నీ ఇష్టం.

అత్త


సెప్టెంబరు 23

అత్తకి,

నీ రెండు మాటలూ అందాయి. ఆ చేత్తో అవి రాయడానికి ఎంత సేపు పట్టిందో కాగితం చూస్తే తెలుస్తోంది. రావద్దంటావేమోనని భయపడ్డాను. నా ఇష్టమన్నావు, అంటే సరేనన్నట్టే.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడకి కోపం వస్తే గది అంతటికీ తెలుస్తుంది. ఒక్క చప్పుడు లేకుండా నన్ను ఎంత తిట్టారో చెప్పలేను. ముఖం రాని పిల్లలు ఇదివరకూ వచ్చారు, వెళ్ళినవాళ్ళు లేరు అన్నారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి, ఇంటి అవసరమైతే నేనెవర్ని ఆపడానికి అని, పేరు కొట్టెయ్యడం మాత్రం వచ్చే సోమవారం దాకా ఆపుతానన్నారు.

ఆదివారం పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాను. పెట్టె సర్దేశాను. మన ఊరి పశువుల లారీ డ్రైవరు ఇక్కడికి దాణా కోసం వచ్చాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను, రేపటికల్లా నీకు చేరుతుంది. నల్లావు దూడని నేను వచ్చేదాకా అమ్మకు.

నీ మేనకోడలు


సెప్టెంబరు 25

పిల్లకి,

లారీ మళ్ళీ మీ ఊరే వస్తోందంటే ఆపించి రాయిస్తున్నాను. డ్రైవరు హారను కొడుతున్నాడు, కొట్టనీ. వసపిట్ట రాస్తోంది. గీతలు గీసి సొంత మాటలు రాస్తుందని తెలుసు. ఈసారి ఏది రాసినా పైకి చదవమన్నాను. (చదువుతున్నాను.)

రావద్దు.

నీ ఇష్టం అంటే రమ్మని కాదు. మన ఇంట్లో ఆ మాటకి ఎప్పుడూ వద్దనే అర్థం. మీ నాన్న చదువు మానేస్తానంటే మా నాన్న నీ ఇష్టం అన్నాడు, మీ నాన్న మర్నాడు బడికి వెళ్ళాడు. మీ మామయ్య అప్పు చేసి ఇంకో జత కొంటానంటే నేను నీ ఇష్టం అన్నాను, ఆయన కొనలేదు. నీకూ తెలుస్తుందనుకున్నాను. నీకు తెలియలేదు. ఇందాక నీ ఉత్తరం చదివించుకున్నాక, పెట్టె సర్దేశావని విన్నాక, పదేళ్ళూ నీతో ఏమేం మాట్లాడానా అని కూర్చుని ఆలోచించాను. ఎన్ని మాటలు నువ్వు ఇలా తిరగేసి పట్టుకున్నావో నాకు తెలియదు. (ఇక్కడ అక్క ఆగింది. ఆగింది అని రాస్తున్నాను అని పైకి చదివాను. రాయి అంది.)

అందుకని ఇప్పుడు ఎవరికైనా అర్థమయ్యేట్టు చెబుతున్నాను. నీ వేళ్ళు నాకు అవసరమే. కాదని అబద్ధం చెప్పను. నువ్వు వస్తే ఈ కొట్టం నిలబడుతుంది, నా పరువు నిలబడుతుంది, రోజూ ఇంట్లో మనిషి ఉంటుంది. ఇవన్నీ నాకు కావాలి. అయినా రావద్దు. అక్కడ ఉండి పరీక్ష రాయి. నువ్వు ఓడిపోతే ఓడిపోయి రా, తలుపు తీసే ఉంటుంది. ఓడిపోతానేమోనని ముందే వస్తే మాత్రం నేను ఊరుకోను.

నా సంగతి నేను చూసుకున్నాను. పోయిన సంతకి తువ్వాలు ఇంట్లో వదిలేసి వెళ్ళాను. నోటితో బేరం చేశాను. అందరూ వినేలా. ఇంత ఇస్తాను, ఇందుకు ఇస్తాను, దీని ముందుకాలు బాగాలేదు, దీని పళ్ళు బాగున్నాయి అని. మొదట నవ్వారు. పాత దళారులు సంత పరువు తీస్తున్నావన్నారు. ఇద్దరు రైతులు మాత్రం, ఏ ధరకి ఏం జరుగుతోందో మాకు ఇన్నేళ్ళకి తెలిసిందమ్మా అని నా దగ్గరికే వచ్చారు. సాయంత్రానికి గొంతు పోయింది. (నిజమే. మా కొట్టు దాకా వినిపించింది. అక్కకి అంత గొంతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఇది కూడా పైకి చదివాను. ఊ అంది.)

చేతికి ఆపరేషన్ ఉందట. సక్రమంగా అయితే స్పర్శ వస్తుంది, లేకపోతే లేదు అన్నారు. నవంబరులో చేయించుకుంటాను. అప్పుడు నువ్వు పక్కన ఉండాలి. ఇది నీ ఇష్టం కాదు, నేను అడుగుతున్నాను.

పెట్టె విప్పు.

అత్త


అక్టోబరు 20

అత్తకి,

ఆదివారం పొద్దున బస్టాండుకి బయలుదేరబోతుంటే లారీ డ్రైవరు గేటు దగ్గర నిలబడ్డాడు. ఉత్తరం అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను. సోమవారం మేడమ్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ నా ముఖం చూసి, నేను చేతులు ఎత్తకముందే పేర్ల కాగితం పక్కన పెట్టేశారు. నేనింకా ఏమీ చెప్పలేదండీ అంటే, చెప్పావు అన్నారు.

పరీక్ష మొన్న జరిగింది. ఎదురుగా ఒక ముసలాయన. వినపడదు. పుస్తకాలు బైండింగు చేసేవాడట, గోళ్ళ నిండా జిగురు మరకలు. ఒక మగ డాక్టరు ఆయనకి విషయం చెబుతారు, నేను మధ్యలో ఉండాలి. మీ ఆవిడని ఇంకొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉంచాలి, ఇంట్లో మీకు ఎవరైనా ఉన్నారా, రోజూ రాగలరా. అదంతా పరీక్ష కోసం కల్పించిందేనని ముసలాయనకీ తెలుసు, నాకూ తెలుసు.

అద్దం ముందు నేర్చుకున్నవి ఒక్కటీ గుర్తురాలేదు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని సైగ చెయ్యబోతుంటే ఆయన జవాబు నాకు నిజంగా కావాలనిపించింది. ఆయన ఒక్కడే ఉంటాడా, అన్నం ఎవరు వండుతారు, చేతికి ఏదైనా అయితే ఎవరికి చెబుతాడు. అప్పుడు తెలిసిందత్తా. ఇన్నాళ్ళూ నేను ప్రశ్నని ఇటునుంచి అటు మోసుకెళ్ళి పెట్టాను, ఎవర్నీ ఏమీ అడగలేదు. తువ్వాలు కింద మనకి ఏదీ కావాలనిపించనట్టు ఉండాలి. ఇక్కడ కావాలని కనపడాలి. కనుబొమ్మలు ఎత్తానో లేదో నాకు తెలియదు. ముసలాయన మాత్రం తనకి ఎవరెవరున్నారో చెప్పడం మొదలుపెట్టి, కల్పన మరిచిపోయి, తన సొంత కూతురి సంగతి కూడా చెప్పేశాడు. పరీక్ష పెట్టేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టి ఆపాల్సి వచ్చింది.

ఇవాళ కాగితం వచ్చింది. పాసయ్యాను. అంత గొప్పగా ఏమీ కాదు. ముఖం వైపు మనసు పోయేసరికి చేతులు రెండుచోట్ల తప్పాయి. మేడమ్ కింద రాసింది ఇది: "ముఖం వచ్చింది. చేతుల్ని మళ్ళీ చూసుకో."

ఆపరేషన్ తేదీ రాయించు. సెలవు అడిగి పెడతాను.

నీ మేనకోడలు


అక్టోబరు 27

పిల్లకి,

వసపిట్ట రాస్తోంది. ఇప్పుడు పైకి చదవమని చెప్పాల్సిన పని లేదు, తనే చదువుతోంది.

నీ ఉత్తరం సంత రోజు పొద్దున్నే వచ్చింది. టీ కొట్టు దగ్గర చదివించుకుని నేరుగా సంతలోకి వెళ్ళాను. ఒక పాడి ఆవు బేరానికి వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది కానీ పొదుగు ఒక పక్క ఎడమచేతికి గట్టిగా తగిలింది. ఇది మనకొద్దని అప్పుడే అనుకున్నాను. ఊరికే ధర అడిగాను. ఆయన ఒక ధర చెప్పి, నా ముఖం వంక చూసి, మళ్ళీ ఇంకో ధర చెప్పాడు. మొదటిదానికంటే ఎక్కువ.

ఎందుకయ్యా పెంచావు అన్నాను.

"ఆవు మీకు అంత నచ్చాక పెంచకేం చేస్తానమ్మా, కనపడుతూనే ఉంది కదా" అన్నాడు.

ఇన్నేళ్ళలో నాతో ఆ మాట అన్నవాడు లేడు. చుట్టూ ఉన్న దళారులు నవ్వడం మొదలుపెట్టారు. "ఆవు కాదయ్యా, మా పిల్ల పాసైంది" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అవతల గొర్రెల వైపు వాళ్ళు కూడా తలలు తిప్పారు. ఆయన సంతోషమమ్మా అన్నాడు. ధర మాత్రం తగ్గించలేదు.

బేరం కుదరలేదు. ఇంటికి వచ్చేదాకా దారిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పుకుంటూ వచ్చాను.

అత్త